డబ్బా మీద మాటా, తెర మీద బొమ్మా

‘ఫుల్ హెచ్.డి.’ అని డబ్బా మీద అచ్చేసి ఉంటుంది. ‘4కె’ అని ఉంటే మరీ మంచిది. ఆ అక్షరాలు చూడగానే మన చెయ్యి జేబులోకి పోతుంది. అరచేతిలో ఇమిడిపోయే ఆ పుల్లని... అదేనండీ, స్ట్రీమింగ్ స్టిక్ అంటున్నారే, దాన్ని... టీవీ వెనక గుచ్చి, వైఫై పాస్‌వర్డ్ కొట్టి, కుర్చీలో చేరబడితే చాలు, సినిమా హాలు నడిచి ఇంటికొచ్చేసినట్టేనని ప్రకటనలు ఊదరగొడుతున్నాయి.

నిజంగా వచ్చిందా? వచ్చింది హాలేనా, లేక హాలు బయట గోడకంటించిన పోస్టరా? తేల్చుకోవడం ఎలా? ఈ వారం మన పంచాయితీ ఇదీ.

‘‘ఇందులో తేల్చేదేముందండీ! రిమోట్ మీద ఇన్ఫో బటన్ నొక్కితే టీవీ మూలన 1080 అని అంకె పడుతుందిగా’’ అంటారు మీరు. సరిగ్గా అక్కడే ఉంది తిరకాసు. ఆ అంకె అబద్ధం చెప్పదు. కాకపోతే మీరడిగిన ప్రశ్నకి జవాబు చెప్పదు!

శేరు చెంబు... పావుశేరు పాలు

ముందు కాస్త లెక్కల మాస్టారి పని చేయక తప్పదు. భయపడకండి, ఎక్కాలు వస్తే చాలు.

టీవీ తెర మీది బొమ్మంతా చుక్కల ముగ్గు. చుక్కలు ఎక్కువైన కొద్దీ ముగ్గు సన్నగా, నాజూగ్గా వస్తుంది. మనం దూరదర్శన్ నాటి నుంచి చూసిన మామూలు రకం బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. గుణిస్తే 4,14,720. హెచ్.డి. అంటే 1280ని 720తో గుణించాలి. 9,21,600 చుక్కలు. ఫుల్ హెచ్.డి. అంటే 1920 × 1080. అక్షరాలా 20,73,600 చుక్కలు. అంటే పాత బొమ్మకి సరిగ్గా అయిదు రెట్లు. ఇక 4కె అంటే 3840 × 2160. అది ఫుల్ హెచ్.డి.కి నాలుగు రెట్లు, 82,94,400 చుక్కలు.

ఇప్పుడు తమాషా చూడండి. స్టిక్‌ని ఒకసారి 1080 మీద పెట్టారనుకోండి, సాధారణంగా అది ప్రతి బొమ్మనీ 1080 గీతల చట్రంలోనే పోసి టీవీకి అందిస్తుంది. లోపలికి వచ్చిన సినిమా 480 గీతలదే అయినా సరే, లాగి, సాగదీసి, ఖాళీల్లో పక్క చుక్కల రంగే పూసి 1080 చేసి పంపుతుంది. దీన్నే అప్‌స్కేలింగ్ అంటారు. శేరు చెంబులో పావుశేరు పాలు పోసి, మిగతాది మంచినీళ్లతో నింపి, ‘‘ఇదుగో శేరు పాలు’’ అన్నట్టు. టీవీ పాపం చెంబు కొలత చూసి శేరు అని చెబుతోంది. పాల చిక్కదనం దానికేం తెలుసు?

సినిమా వాళ్లకిది కొత్త సంగతేం కాదు. 1975లో వచ్చిన ‘షోలే’ని 35 ఎం.ఎం. మీద తీసి, 70 ఎం.ఎం. ప్రింట్లుగా పెద్దవి చేశారు. జనం నోళ్లు వెళ్లబెట్టి చూశారు. మరి అదీ సాగదీతేగా అంటారేమో! అక్కడ మూలం గట్టిది. 35 ఎం.ఎం. నెగటివ్‌లో బోలెడు సరుకుంది. సరుకున్నదాన్ని పెద్దది చేయడం వేరు, లేనిదాన్ని సాగదీయడం వేరు. పిండి ఉంటే అట్టు ఎంత పెద్దదైనా పోయొచ్చు. గరిటెడు పిండితో పెనమంతా అట్టు పోస్తే చిల్లులే మిగులుతాయి.

కాబట్టి ఇంట్లో కూర్చుని అడగాల్సిన ప్రశ్న ‘‘టీవీకి ఎన్ని గీతలు అందుతున్నాయి?’’ అన్నది కాదు. ‘‘స్టిక్‌లోకి ఎన్ని గీతలు వస్తున్నాయి?’’ అన్నది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లనే కొట్టువాడికి లాభం, మనకి కళ్లజోడు ఖర్చు!

మావయ్య మొహం చూడలేదు

ఈ తేడా ఎంత డబ్బు ఖరీదు చేస్తుందో మా మేనమావ ఇంట్లో చూశాను. తెనాలిలో ఉంటారాయన. కార్బన్లు వెలిగించి బొమ్మ వేసే కాలం నుంచీ ఇరవై ఏళ్లు ఒక హాల్లో ఆపరేటర్‌గా చేసిన మనిషి. ఇంట్లో ఉన్నది 43 అంగుళాల ఫుల్ హెచ్.డి. టీవీ. దానికి వీధి చివర కొట్లో కొన్న ఓ పేరూ ఊరూ లేని స్టిక్కు. డబ్బా మీద మాత్రం 4కె అని బంగారు అక్షరాలు.

సంవత్సర చందా కట్టి కొత్త సినిమా పెట్టుకుంటే బొమ్మ అలుక్కుపోయినట్టు ఉందని ఆయన గోల. టీవీ పాతబడింది, 55 అంగుళాల 4కె టీవీ కొనేద్దామని హైదరాబాద్ నుంచి కొడుకు గోల. వాయిదాల లెక్క కూడా ఫోన్లో పంపించేశాడు.

‘‘ఒరేయ్ అల్లుడూ, నువ్వు సినిమా పేపర్లకి రాస్తావుగా... ఇది టీవీ రోగమా, మరేదన్నానా?’’ అన్నారు మావయ్య.

‘‘హీరోయిన్ మొహం బాగానే కనిపిస్తోందిగా మావయ్యా’’ అన్నాను.

‘‘మొహం చూసి ఎప్పుడూ చెప్పకూడదురా. మొహం మసగ్గా ఉన్నా అందంగానే ఉంటుంది. బొమ్మ ఫోకస్‌లో ఉందో లేదో చూడాలంటే మేం టైటిల్ అక్షరాల అంచులు చూసేవాళ్లం. అక్షరం అంచు కత్తిలా ఉంటే బొమ్మ ఉన్నట్టు. లేకపోతే నేల టిక్కెట్టు నుంచి ఈలలు మొదలయ్యేవి!’’

ఎంత మంచి పరీక్షండీ ఇది! ఈనాటికీ దీన్ని మించింది లేదు. తారల పేర్లు పడేటప్పుడు సన్న అక్షరాల అంచులు చూడండి. పట్టుచీర మీద జరీ గీతలు, తల మీద విడివిడిగా ఎగిరే వెంట్రుకలు, దూరంగా కనిపించే కొబ్బరాకుల ఈనెలు, గోడ మీద ఇటుకల సందులు... ఇవి చూడండి. హెచ్.డి. ఉంటే ఇక్కడే ఉంటుంది. సాగదీసిన బొమ్మలో జరీ అంతా ఒక పసుపు పూత, జుట్టంతా ఒక నల్ల ముద్ద.

మావయ్య ఆ పరీక్ష చేసి బొమ్మ ఫెయిలని తేల్చారు. మరి దొంగ ఎవరు? టీవీయా, నెట్టా, స్టిక్కా?

అదే టీవీ మీద, అదే స్టిక్‌తో, యూట్యూబ్‌లో కొత్తగా పెట్టిన ఓ పాట వేశాం. అక్షరాలు కత్తుల్లా ఉన్నాయి! జరీ గీత గీతకీ మెరుస్తోంది. అంటే టీవీ నిర్దోషి. నెట్టూ నిర్దోషి. వాటిలో లోపం ఉంటే ఈ పాటా మసగ్గానే ఉండాలిగా! చందా కట్టిన యాప్ పెట్టినప్పుడు మాత్రమే మసకేస్తోంది. దొంగ దొరికే చోటు ఇరుకైంది.

సంగతేమిటంటే, డబ్బు కట్టి చూసే సినిమాని సంస్థలు తాళం వేసి పంపిస్తాయి. లేకపోతే మరునాడే దొంగ కాపీలు బయటికొస్తాయని వాళ్ల భయం. ఆండ్రాయిడ్ స్టిక్కుల్లో ఈ తాళం పేరు వైడ్‌వైన్. గూగుల్ వారిది. ఇందులో మెట్లున్నాయి. ఎల్-1 అంటే తాళం తీయడం, బొమ్మ విప్పడం రెండూ చిప్పులోనే, భద్రమైన గదిలో జరుగుతాయి. ఎల్-3 అంటే ఆ గది లేదు, అంతా బయట సాఫ్ట్‌వేర్‌లోనే జరుగుతుంది. ఎల్-3 పరికరం కనిపిస్తే చాలా సంస్థలు హెచ్.డి. బొమ్మ ఇవ్వవు. మామూలు బొమ్మతో సరిపెడతాయి. చందా మీరు ఎంత కట్టారన్నది అక్కడ పని చేయదు. యూట్యూబ్‌లో ఊరికే చూసే పాటలకి ఈ పట్టింపు లేదు. అందుకే అక్కడ కత్తి, ఇక్కడ మొద్దు.

‘డి.ఆర్.ఎం. ఇన్ఫో’ అనే చిన్న యాప్ స్టిక్‌లో వేసి చూస్తే తాళం మెట్టు చెబుతుంది. వేశాం. ఎల్-3 అని పడింది. అంతే, కేసు కొట్టేశాం!

‘‘అంటే ప్రింటు పెట్టెలో మంచిదే ఉంది, మనకి గేటు దగ్గర చెడ్డది చేతికిచ్చారన్నమాట’’ అన్నారు మావయ్య.

ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు? టీవీ మార్చే ఆలోచన అటకెక్కింది. దాని ఖరీదులో పదోవంతుతో సరైన స్టిక్కొకటి కొన్నారు. కొత్త టీవీ కొని ఉంటే ఏమయ్యేదో తెలుసా? అదే పాత స్టిక్‌ని దాని వెనక గుచ్చేవారు. అదే మసక, ఇంకా పెద్దగా కనిపించేది.

గొలుసులో ఆరు లంకెలు

మావయ్య ఇంట్లో దొంగ తాళం. మీ ఇంట్లో మరొకటి కావచ్చు. సినిమా సంస్థ కంప్యూటర్ నుంచి మీ కంటి దాకా బొమ్మ ఆరు లంకెలు దాటి రావాలి. అందులో ఏ ఒక్కటి బలహీనమైనా బొమ్మ ఆ లంకెంతే. మిగతా అయిదూ బంగారమైనా ప్రయోజనం లేదు.

మొదటిది మూలం. అసలు ఆ సినిమా వాళ్ల దగ్గర ఏ రకంలో ఉంది? దీని గురించి చివర్లో వివరంగా.

రెండోది చందా. అన్ని చందాలూ ఒకటి కావు. ఉదాహరణకి నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో బేసిక్ చందాకి 720 గీతలు, స్టాండర్డ్‌కి 1080, ప్రీమియంకి 4కె అని విడగొట్టింది. మొబైల్ చందా ఫోన్లకీ, ట్యాబ్లెట్లకీ పరిమితం. బేసిక్ చందా కట్టి స్టిక్‌ని తిట్టడం అంటే బెంచీ టిక్కెట్టు కొని బాల్కనీ మెత్తగా లేదన్నట్టే.

మూడోది తాళం. చెప్పుకున్నాం.

నాలుగోది దారి, అంటే మీ ఇంటర్నెట్టు. నెట్‌ఫ్లిక్స్ వారే 720కి 3, 1080కి 5, 4కె కి 15 మెగాబిట్ల వేగం సెకనుకి ఉండాలంటున్నారు. ‘‘మాకు 100 ఉందండీ’’ అంటారు. ఉంటుంది, రౌటర్ పక్కన! స్టిక్ ఉన్నది పక్క గదిలో, గోడకీ టీవీ వెనక రేకుకీ మధ్య. వేగం కొలవాల్సింది ఫోన్‌తో హాల్లో కాదు, స్టిక్‌లోనే. అందులో బ్రౌజర్ ఉంటే ఫాస్ట్ డాట్ కామ్ తెరిచి చూడండి. తక్కువ వస్తే డబ్బాతో పాటు వచ్చిన జానెడు హెచ్.డి.ఎం.ఐ. తోక తగిలించి స్టిక్‌ని టీవీ నీడలోంచి బయటికి లాగండి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ దారి ఉంటే అది పట్టించండి. దూరం ఎక్కువై, మధ్యలో గోడలుంటే మాత్రం 2.4 దారే నయం. ఇంకో మాట. స్టిక్‌కి కరెంటు టీవీ వెనక యు.ఎస్.బి. రంధ్రంలోంచి ఇస్తున్నారా? మామూలు రంధ్రం అర ఆంపియర్ ఇస్తుంది. చాలా స్టిక్కులకి ఒక ఆంపియర్ కావాలి. తిండి సగమైతే పని సగమే. డబ్బాలో వచ్చిన అడాప్టర్‌నే వాడండి.

అన్నట్టు, సినిమా మొదలైన అర నిమిషంలోనే తీర్పు చెప్పకండి. ఈ బొమ్మ కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. మొదటి ముక్క తేలికది పంపి, దారి బాగుందని చూసుకుని, తర్వాత బరువైనవి పంపుతారు. బస్సు మొదటి గేర్‌లో కదిలి పైగేర్లకి వెళ్లినట్టు. రెండు మూడు నిమిషాలు ఆగి చూడండి. కుళాయి వాళ్ల చేతిలో ఉందని మరిచిపోకండి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ నెట్టు మీద భారం తగ్గించడానికి మన దేశంలో ప్రధాన సంస్థలన్నీ మొబైల్ నెట్‌వర్కుల మీద 480 గీతలకి మించి పంపబోమని ఒప్పుకుని, ఏప్రిల్ 14 దాకా అని గడువు కూడా ప్రకటించాయి. అలా ఒప్పుకుని చేసినప్పుడు తెలుస్తుంది. రోజూ సాయంత్రం దారి రద్దీ అయినప్పుడు దానంతటదే తగ్గేది మనకెవరూ చెప్పరు.

అయిదోది తీగ. హెచ్.డి.ఎం.ఐ. తీగలోనూ ఒక తాళముంది. హెచ్.డి.సి.పి. అంటారు. 4కె బొమ్మకి సాధారణంగా దాని 2.2 రకం కావాలి. కొన్ని టీవీల్లో మూడు రంధ్రాలుంటే ఒకటో రెండో మాత్రమే దానికి తగినవి. స్టిక్ ఎందులో ఉందో చూడండి. మధ్యలో ఒకటికి రెండు చేసే స్ప్లిటర్ ఉంటే తీసేసి చూడండి.

ఆరోది తెర. మన ఇళ్లలో 32 అంగుళాల టీవీలు చాలా వరకు ‘హెచ్.డి. రెడీ’ రకం. వాటి తెరలో ఉన్నవి 1366 × 768 చుక్కలే. 1080 బొమ్మ ఇస్తే పుచ్చుకుంటాయి, మూలన 1080 అని కూడా చూపిస్తాయి, చూపించేది మాత్రం 768. పైగా చాలా టీవీలు బొమ్మ అంచుల్ని కొంచెం కోసి, మిగిలింది సాగదీస్తాయి. సెట్టింగుల్లో ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’ వంటి పేరుతో ఉన్నది పెడితే ఈ కోత ఆగుతుంది. ‘షార్ప్‌నెస్’ పెంచితే హెచ్.డి. వస్తుందనుకునే వారున్నారు. రాదు. మనిషి చుట్టూ తెల్ల గీత వస్తుంది, అంతే!

లోపలి అంకె చూసే దారి

కంటి పరీక్ష అయింది. ఇక అంకెల్లో సాక్ష్యం కావాలంటే దారులున్నాయి.

యూట్యూబ్‌లో బొమ్మ నడుస్తుండగా గేర్ చక్రం గుర్తు నొక్కితే ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ అని కనిపిస్తుంది. అది పెడితే తెర మీద ఓ చిట్టా దిగుతుంది. ‘వ్యూపోర్ట్’ అన్న అంకె చెంబు కొలత. ‘కరెంట్’ అన్న అంకె పాల కొలత! మొదటిది 1920 × 1080, రెండోది 854 × 480 అని ఉంటే మీరు చూస్తున్నది నీళ్లపాలు.

ఆండ్రాయిడ్ పునాది మీద నడిచే ఫైర్ టీవీ స్టిక్కుల్లో ఇంకో ఉపాయముంది. రిమోట్ మధ్య బటన్నీ, కింది వైపు బటన్నీ కలిపి మూడు సెకన్లు నొక్కిపట్టి, వదిలేసి, మూడు గీతల మెనూ బటన్ నొక్కండి. ‘డెవలపర్ టూల్స్’ తెరుచుకుంటుంది. అందులో ‘సిస్టమ్ ఎక్స్-రే’, దాంతోపాటు ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ ఆన్ చేయండి. టీవీకి పంపే గీతలు ఒకచోట, యాప్ నుంచి వస్తున్న సినిమా గీతలు మరొకచోట, మధ్యలో జారిపోయిన ఫ్రేములు ఇంకోచోట కనిపిస్తాయి. ఎక్స్-రే అని పేరు ఊరికే పెట్టలేదు. ఎముక ఎక్కడ విరిగిందో చెబుతుంది.

ఈ రెండూ లేని స్టిక్ అయితే నాటు పద్ధతి. స్టిక్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి తగిలించి, పది నిమిషాలు సినిమా నడిపి, ఫోన్లో డేటా ఎంత ఖర్చయిందో చూడండి. సెకనుకి 5 మెగాబిట్ల చొప్పున పది నిమిషాలకి 375 మెగాబైట్లు కావాలి. అందులో సగం అయినా ఫర్వాలేదు, మెతక సన్నివేశాలకి తక్కువే చాలు, కొత్త కుదింపు పద్ధతులు పొదుపు కూడా చేస్తాయి. కానీ పదీ ఇరవై నిమిషాలు పోరాటాలూ పాటలూ నడిచినా 100 మెగాబైట్లు దాటలేదంటే అందులో ఫుల్ హెచ్.డి. ఉందని నమ్మడం కష్టం. ఒక్క జాగ్రత్త: ఫోన్ సిగ్నల్ బాగున్న చోటే ఈ పరీక్ష. లేకపోతే నేరం ఫోన్‌ది, శిక్ష స్టిక్‌ది అవుతుంది.

అంకె ఒకటే, సరుకు వేరు

ఇంత చేసి 1080 అని రుజువైంది. అయినా బొమ్మ బాగాలేదు! అదెలా?

గీతలెన్ని అన్నది ఒక సంగతి. ఆ గీతల్లో నింపిన సరుకెంత అన్నది మరో సంగతి. మన ఊళ్లో డిజిటల్ హాలుకి వచ్చే 2కె సినిమా 2048 × 1080 చట్రం. ఫుల్ హెచ్.డి.కి దాదాపు సమానమే! కానీ అక్కడ సెకనుకి 250 మెగాబిట్ల దాకా సరుకు నింపొచ్చు. బ్లూరే పళ్లెంలో బొమ్మకి 40 దాకా. మనింటికి నెట్టులో వచ్చేది అయిదు, ఆ చుట్టుపక్కల. అంకె అందరిదీ 1080నే!

మరి అంత తక్కువతో ఎలా సరిపెడతారు? ప్రతి ఫ్రేమూ పూర్తిగా పంపరు. ఒకటి పూర్తిగా పంపి, తర్వాతి వాటిలో మారిన ముక్కలు మాత్రమే పంపుతారు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీనులో మారేవి పెదవులూ, చేతులూ. పొదుపు బ్రహ్మాండంగా కుదురుతుంది. అదే వాన పాట రానివ్వండి, జాతర సీను, రంగులు చల్లే పండగ రానివ్వండి... చుక్క చుక్కా కదులుతుంది, పంపాల్సింది బోలెడు, దారి సన్నం. అప్పుడు బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది. చీకటి సీనులో నలుపు మరకలుగా తేలుతుంది. సాయంకాలపు ఆకాశం మెట్లమెట్లుగా కనిపిస్తుంది. అందుకే స్టిక్‌ని పరీక్షించాలంటే ఇంటర్వ్యూలు పెట్టకండి. వాన పాట పెట్టండి!

ఎంత దూరంలో కూర్చున్నారు?

ఇంకో చేదు నిజం చెప్పేస్తాను, కోప్పడకండి. మామూలు కంటిచూపు ఉన్న మనిషి 32 అంగుళాల తెర మీద 1080 గీతల్నీ విడివిడిగా పట్టాలంటే సుమారు నాలుగడుగుల దూరంలో కూర్చోవాలి. 43 అంగుళాలకి అయిదున్నర అడుగులు. 55 అంగుళాలకి ఏడడుగులు. పదడుగుల అవతల మంచం మీద పడుకుని 32 అంగుళాల టీవీ చూసేవారికి 720కీ 1080కీ తేడా దాదాపు లేదు. వాళ్లు పెద్ద చందా కట్టనక్కర్లేదు. అదీ ఒక లాభమేగా! ముందు టేపు తీసుకుని కొలవండి, తర్వాత చందా మాట.

పాపం ఆ ఛాయాగ్రాహకులు!

ఇక మొదటి లంకె, మూలం. నన్నడిగితే అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

పాత సినిమా ఒకటి నెట్టులో ‘హెచ్.డి.’ అని పేరు పెట్టుకుని ఉంటుంది. అది నెగటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేసింది కావచ్చు. లేదా ఎప్పుడో టీవీ ప్రసారం కోసం, డి.వి.డి. కోసం దించిన 576 గీతల కాపీని ఎవరో సాగదీసి ఎక్కించింది కావచ్చు. వి.సి.డి. నుంచి ఎక్కించిందైతే మరీ ఘోరం. దానిలో ఉన్నవి 352 × 288 చుక్కలే. ఎక్కించేటప్పుడు 1080 చేసి ఎక్కిస్తే ‘కరెంట్’ అంకె కూడా 1080 అనే చూపిస్తుంది! అక్కడ ఏ ఎక్స్-రే పనిచేయదు. మళ్లీ మావయ్య పరీక్షే గతి... అక్షరం అంచు, జరీ గీత. మనిషి చెయ్యి ఊపినప్పుడు దువ్వెన పళ్లలా అడ్డగీతలు కనిపిస్తే అది పాత టీవీ కాపీ అని గుర్తు.

ఇంకో దారుణం కూడా జరుగుతోంది. పాత సినిమా చట్రం దాదాపు నలుచదరం, 1.37కి 1. ఇప్పటి టీవీ వెడల్పు. రెండు పక్కలా నల్ల పట్టీలుంటే జనానికి నచ్చదని, కిందా మీదా కోసి తెర నింపేస్తున్నారు. లెక్కవేస్తే బొమ్మలో నూటికి 23 వంతులు పోతాయి! కిరీటం పోతుంది, పాదం పోతుంది, నాట్యంలో ముద్ర పోతుంది. మిగిలిందాన్ని సాగదీస్తారు కాబట్టి ఉన్న మసక ఇంకొంచెం పెరుగుతుంది.

‘పాతాళ భైరవి’, ‘మిస్సమ్మ’, 1957 నాటి ‘మాయాబజార్’... ఈ మూడింటికీ కెమెరా పట్టింది మార్కస్ బార్ట్లే. నలుపు తెలుపుల్లో వెన్నెల కురిపించిన మనిషి. 1974లో తెలుగులో తొలి సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’కి వి.ఎస్.ఆర్. స్వామి. 1980 నాటి ‘శంకరాభరణం’కి బాలు మహేంద్ర. వీళ్లంతా 35 ఎం.ఎం. ఫిల్ము మీద తీశారు. ఆ నెగటివ్‌లో ఉన్న వివరం ఫుల్ హెచ్.డి. కన్నా తక్కువేం కాదు. మంచి నెగటివ్ దొరికి, శ్రద్ధగా స్కాన్ చేస్తే 4కె కి కూడా పనికొస్తుంది. ప్రపంచమంతటా పాత చిత్రాల్ని 4కె లో పునరుద్ధరిస్తున్నది ఆ ధైర్యంతోనే.

మరి ఇవాళ పదిహేనేళ్ల కుర్రాడు ఆ అలుక్కుపోయిన కాపీ చూసి ఏమంటున్నాడు? ‘‘అప్పట్లో కెమెరాలు బాగుండేవి కావు కదా తాతయ్యా’’ అంటున్నాడు. తాతయ్య కూడా తలూపుతున్నాడు! హాల్లో తెల్లటి తెర మీద ఆ బొమ్మ ఎలా మెరిసిందో కళ్లారా చూసినవాడే, మూలనున్న 1080 అంకె చూసి తన కళ్లని తానే నమ్మడం మానేశాడు. డబ్బు పోతే పోయింది, మళ్లీ వస్తుంది. ఒక తరం చేసిన పని తక్కువదని ఇంకో తరం నమ్మేస్తే ఆ నష్టాన్ని ఏ చందాతో పూడుస్తారు?

అందుకని బాబూ, కొన్నవాళ్లయితే వరసగా చూసుకోండి. చందా ఏ రకం, తాళం ఏ మెట్టు, స్టిక్ దగ్గర వేగమెంత, రంధ్రం ఏది, తెరలో చుక్కలెన్ని. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా జరీ గీత కనిపించకపోతే తప్పు పంపేవాళ్లది. చందా కట్టినవారు అడగొచ్చు, అడగాలి. ఇంకా కొననివాళ్లయితే డబ్బా మీది 4కె చూసి మురిసిపోక, మీరు చూసే యాప్‌ల పేర్లు చెప్పి ‘‘వీటిలో హెచ్.డి. వస్తుందా, తాళం ఎల్-1 ఏనా?’’ అని కొట్టువాడిని ఒక్క ప్రశ్న అడగండి. నీళ్లు నమిలాడా, పక్క కొట్టుకి నడవండి.

పాత బొమ్మ మసగ్గా కనిపించినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగండి. ఆ మసక తీసినవాడిది కాదు. మధ్యలో ఎవరో నీళ్లు కలిపారు.